లోపం అనే కాలమ్

నేను ఒక డాక్టరు సర్టిఫికెట్‌ని. జిల్లా ఆసుపత్రిలో పుట్టాను. తొమ్మిదో తరగతి చదువుతున్న ప్రసూనను ముగ్గురు డాక్టర్లు మూడు రోజులు చదివించి, రాయించి, చివరికి నా మీద ఇలా రాశారు: ‘ఈ అమ్మాయి తెలివైనది. డిస్లెక్సియా వల్ల చదవడానికీ రాయడానికీ ఎక్కువసేపు పడుతుంది. పరీక్షల్లో గంటకు ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వాలి.’ ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందో నాకిప్పటికీ తెలియదు.

వాళ్ళమ్మ సత్యవేణి మాత్రం నన్ను బీరువాలో చీరల అడుగున తోసేసింది. “చుట్టాలకి తెలిస్తే పిల్లని మెంటలంటారు” అని భయం. పదో తరగతి పరీక్షలకు ఒక్కసారి బయటికి తీశారు. ఆ అదనపు టైముతో ప్రసూనకు లెక్కల్లో తొంభై ఒకటి వచ్చింది. వీధంతా స్వీట్లు పంచి, నన్ను మళ్ళీ చీరల కిందికే పంపారు. మనుషుల కృతజ్ఞత అలా ఉంటుంది.

తర్వాత ఇంటర్ కాలేజీ అప్లికేషన్ వచ్చింది. అందులో ‘ఏదైనా లోపం ఉందా?’ అని ఒక కాలమ్. ఆ మాట అచ్చేయించినవాడి చెయ్యి పడిపోను! సత్యవేణి ‘లేదు’ అని రాసింది. ప్రసూన అది కొట్టేసి ‘ఉంది’ అని రాసి, నన్ను దానికి పిన్ను చేసింది.

కాలేజీలో అడ్మిషన్లు చూసే పేర్రాజు గారు పిన్ను ఊడదీసి, నన్ను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

“ఇది సంచిలో పెట్టేసుకోండమ్మా. మీరు చూపించలేదు, నేను చూళ్ళేదు. మార్కులు బాగున్నాయి, సీటిచ్చేస్తాను.”

“మీ మేలు మర్చిపోమండి” అని సత్యవేణి దణ్ణం పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“మరి పరీక్షల్లో ఎక్కువ టైము ఎవరిస్తారండి?” అంది ప్రసూన.

“అలాంటివి ఇక్కడ కుదరవమ్మా. టైము కావాలంటే వేరే కాలేజీ చూసుకో.”

“ఆ మాట రాసివ్వండి.”

“నేనెందుకు రాస్తాను?”

“పోనీ నేను రాస్తానండి, మీరు సంతకం పెట్టండి.”

ఆయన బల్ల మీదే తెల్లకాగితం పెట్టుకుని మొదలుపెట్టింది. ఒక అక్షరం రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. వెనక లైను పెరిగిపోతోంది. పేర్రాజు గారు మూడుసార్లు వాచీ చూసుకున్నాడు.

“రెండు లైన్లకి ఇంతసేపేంటమ్మా?”

“ఆ సంగతే ఆ సర్టిఫికెట్‌లో రాసుందండి. చదివారా?” అంది ప్రసూన తలెత్తకుండానే.

ఆయన చదవలేదు. సంతకమూ పెట్టలేదు. నన్ను సత్యవేణి చేతిలో పెట్టి, “తర్వాత ఎవరు?” అని లైన్లోకి కేకేశాడు.

వరండాలోకి వచ్చాక సత్యవేణి నన్ను సంచిలో పెట్టబోయి ఆగింది. రెండేళ్ళుగా దాచిందే కానీ ఒక్కనాడూ చదవలేదు. ఇప్పుడు చదివింది. కూతురి వేళ్ళకంటిన సిరా చూసింది. గిరుక్కున వెనక్కి తిరిగి, లైను తోసుకుంటూ లోపలికి నడిచి, నన్ను పేర్రాజు గారి ముందు ఠప్పున పెట్టింది.

“చదవండి. అందరికీ వినబడేలా చదవండి.”