నీలం తొట్టికి మార్చినా

ఆమె కంటికి అద్దకం షెడ్డు మొత్తం భయపడేది. తొట్టిలోంచి తీసి ఆరబెట్టిన గుడ్డ తానుల రంగు సరిచూడటం ఆమె పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేసేది. "ఇది నిన్నటి ఎరుపు కాదు, తీసుకుపో" అని తాను విసిరికొడితే మేస్త్రీ కూడా కిక్కురుమనేవాడు కాదు. చాటున మాత్రం గద్ద అని పిలిచేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు తెలుసు. లోపల్లోపల సంతోషమే.

ఆమె తమ్ముడు అదే షెడ్డులో పసుపు తొట్టి దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆమే, చెయ్యి పట్టుకుని తెచ్చి ఆ తొట్టి ముందు నిలబెట్టిందీ ఆమే. వాడికి నిమ్మకాయ అని పేరు పడింది. పెళ్ళాం కూడా ముద్దొస్తే ఆ పేరుతోనే పిలిచేది.

ఆ షెడ్డులో ఎవరి చర్మం రంగు ఏదో వాళ్ళ పెళ్ళాలకు కూడా గుర్తుండదు. ఎర్ర తొట్టి వాళ్ళు మోచేతుల దాకా ఎరుపు, నీలం తొట్టి వాళ్ళు గోళ్ళ సందుల్లో కూడా నీలం. చేతి తొడుగులు ఏడాదికోసారి వస్తాయి, నెల తిరక్కుండా చిరుగుతాయి, మిగతా పదకొండు నెలలూ చర్మమే తొడుగు. మూత్రం కూడా రంగుగా వస్తుంది. అది చూసి హడలిపోయాడంటే వాడు కొత్తవాడని అర్థం. "నీళ్ళు బాగా తాగు, రంగు దిగిపోతోంది, మంచిదే" అని పాతకాపులు వీపు తట్టి పంపిస్తారు. కామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. లోకమే పచ్చగా ఉన్నచోట కామెర్ల వాడు ఎవడి కంటికి ఆనతాడు?

వాడికి ముందు దురద వచ్చింది. అరచేతుల్లో, అరికాళ్ళలో మొదలై వీపంతా పాకింది. తానులు తోమే బ్రష్షుతో గోక్కునేవాడు. ఫ్యాక్టరీ గేటు పక్కన డిస్పెన్సరీ ఉంది. అందులో కాంపౌండర్ ఉన్నాడు. తల ఎత్తడు. "ఏ తొట్టి?" అంటాడు.

"పసుపు సార్."

"రంగు దురద. రాసుకో."

ఒక ఆయింట్‌మెంట్ గొట్టం. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ అదే ప్రశ్న, అదే మందు. మూడోసారి రెండు గొట్టాలిచ్చాడు, మహానుభావుడు.

తర్వాత ప్యాంటు వదులైంది. "వండింది ముందు పెడితే వాసనంటున్నాడు వదినా" అంది మరదలు. "ఆవిరి పని కదే, ఎవడికి ఆకలేస్తుంది?" అని ఆమె కొట్టిపారేసింది. క్యాంటీన్లో వేళాకోళం ఆగలేదు.

"నిమ్మకాయ పండుతోందిరోయ్!"

"పండితే పండనీ, మేస్త్రీ చేతికి మాత్రం ఇవ్వకండి, పిండేస్తాడు."

అందరికంటే వాడే గట్టిగా నవ్వేవాడు, వీపు గోడకేసి రుద్దుకుంటూ.

వాడి అవస్థ చూడలేక ఆమె మేస్త్రీ మీదికి వెళ్ళింది. "నా తమ్ముణ్ణి నీలం తొట్టికి మారుస్తావా, రేపట్నుంచి నీ తానులన్నీ వెనక్కి కొట్టనా?" మేస్త్రీ ఆ మధ్యాహ్నమే మార్చాడు. తమ్ముణ్ణి గట్టెక్కించానని ఆమె పొంగిపోయింది.

చర్మానికి అంటిన రంగు పని మారితే పదిహేను రోజుల్లో పోతుంది. ఆ లెక్క ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పదిహేను రోజులైంది. నెల అయింది. నెలన్నర అయింది. వాడి చేతులు నీలంగా మారలేదు, ఆకుపచ్చగా తేలాయి. "పండిన నిమ్మకాయ మళ్ళీ పచ్చికాయ అయిందిరా!" అని షెడ్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నీలం కింద పసుపు ఉంటేనే ఆకుపచ్చ వస్తుందని చంటిపిల్లకు కూడా తెలుసు. మరి ఆ పసుపు ఎక్కణ్ణుంచి వస్తోంది? అడగాల్సిన మనిషి ఆమె ఒక్కతే. అడగలేదు. పదకొండేళ్ళు నానిన ఒళ్ళు, ఊరికే వదులుతుందా అనుకుంది.

ఒకరోజు వాడు నీలం గుడ్డముక్క నమూనా పట్టుకుని ఆమె గదికి వచ్చాడు. రంగులు చూడటానికి ఆ గదిలో ఒక పెట్టె ఉంటుంది. లోపలంతా తెలుపు, పైన పగటివెలుగులాంటి దీపం. వాడు ముక్కను పెట్టెలో పరిచి, తనూ చూద్దామని తల లోపలికి వంచాడు. వెలుగు సూటిగా కళ్ళల్లో పడింది.

రంగు గోళ్ళలో దూరుతుంది, చెవుల వెనక చేరుతుంది, చెమటతో చొక్కాకు ఎక్కుతుంది. కంటి తెల్లగుడ్డులోకి మాత్రం పోదు.

"ఒరేయ్, కదలకు. కళ్ళు పైకెత్తు."

"ఏంటే, నన్నూ వెనక్కి కొడతావా?"

"మూత్రం ఎలా వస్తోంది?"

"డికాషన్‌లా. రంగు దిగుతోంది కదా."

"మరి రెండోది?"

"ఛీ, అక్కవి. అదెందుకే నీకు?"

"చెప్పరా!"

వాడు గోడకేసి చూస్తూ గొణిగాడు. "తెల్లగా. సున్నంలా. రెండు మూడు నెలల్నుంచి."

ఆమె చేతిలోని గుడ్డ అక్కడే పడేసి, పని మధ్యలోనే వాడి రెక్క పట్టుకుని గేటు దాటింది.

పెద్దాసుపత్రిలో నాలుగు రోజులు తిప్పారు. రక్తం తీశారు, స్కాన్ తీశారు. ఐదోరోజు సర్జన్ డాక్టరమ్మ ఆమెనూ మరదలినీ లోపలికి పిలిచింది. వాడు బయట బల్ల మీద కూర్చున్నాడు.

"కాలేయం నుంచి పైత్యరసం దిగే గొట్టం ఉంటుంది. అందులో క్యాన్సర్ గడ్డ పెరిగి దారి మూసేసింది. దిగాల్సింది దిగక ఒంటికెక్కింది. ఆ పసుపు, ఆ దురద, అన్నీ దాని వల్లే."

"కోసెయ్యండి డాక్టరమ్మా."

"కోయలేం. కాలేయానికి రక్తం తెచ్చే నాళాల్ని రెండువైపులా చుట్టేసింది. కోస్తే బల్ల మీదే పోతాడు."

"నా కాలేయం ముక్క తీసి పెట్టండి. నాది గట్టి ఒళ్ళు. షెడ్డులో చేరిన ఈ ఇరవై రెండేళ్ళలో ఒక్క రోజు మంచం పట్టలేదు."

"ఇంత ముదిరాక అది కూడా పనిచెయ్యదమ్మా. దురద ఎప్పుడు మొదలైంది?"

"ఎనిమిది నెలలైంది."

"ఎవరికీ చూపించలేదా?"

మరదలు సంచిలో చెయ్యి పెట్టి నొక్కి నొక్కి చదునైపోయిన ఆయింట్‌మెంట్ గొట్టాలు నాలుగు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ వాటిని చూసింది.

"అప్పుడే వచ్చుంటే కోయగలిగేవాళ్ళమా?" అని ఆమె అడిగింది.

"ఏమో. కొందరికి వీలవుతుంది. ఖాయంగా చెప్పలేను. ఇప్పుడైతే లోపల చిన్న గొట్టం వేసి దారి తెరుస్తాం. పసుపు దిగుతుంది, దురద పోతుంది. జబ్బు పోదు. మందులు వాడితే కొన్ని నెలలు."

ఆమె ఊరుకోలేదు. అదే రోజు స్కాన్ పట్టుకుని ఇంకో ఆసుపత్రికి పరుగెత్తింది. అక్కడి పెద్ద డాక్టరు అదే మాట ఇంకా తక్కువ మాటల్లో చెప్పి స్కాన్ తిరిగిచ్చేశాడు.

"ఏమన్నారే?" అన్నాడు తమ్ముడు, ఆమె మొహంలోకి చూస్తూ.

"ముందు గొట్టం వేసి పసుపు దించుతారట. ఆ తర్వాత కోస్తారట."

మొదటి వాక్యం నిజం. రెండోది ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మరదలు తల దించుకుంది.

గొట్టం వేసి ఇంటికి పంపారు. వారంలో దురద తగ్గింది. పసుపు రోజురోజుకూ వెలిసిపోయింది. షెడ్డు వాళ్ళు చూడటానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఒరేయ్, నువ్వింత తెల్లగా ఉంటావా? ఎవరింటికో వచ్చామనుకున్నాం!" వాడు పడీపడీ నవ్వాడు. వాళ్ళు వెళ్ళాక ఆమె వాడి మొహం పట్టి చూసింది. కన్ను పాలలా ఉంది. చర్మం మామూలుగా ఉంది. ఏ వెలుగులో పెట్టినా ఎవరూ తప్పు పట్టలేరు. లోపల పెరుగుతున్నదానికి రంగు లేదు. ఇరవై రెండేళ్ళ కన్ను ఎందుకూ కొరగాకుండా పోయింది.

వాడు మాత్రం ఆపరేషన్‌కి తయారవుతున్నాడు. పొద్దున నాలుగు గుడ్లు, సాయంత్రం రెండు, మధ్యలో పాలు. సగం కక్కేవాడు, నోరు కడుక్కుని మళ్ళీ తినేవాడు. "బలం లేనోణ్ణి బల్లెక్కించరంట." మేడమెట్లు ఎక్కి దిగేవాడు, గోడ పట్టుకుని. "తేదీ ఇచ్చారా అక్కా?" "వచ్చే వారంరా." "నిన్న కూడా వచ్చే వారమే అన్నావ్."

ఆ అబద్ధం చెప్పిన పదోరోజు పొద్దున ఆమె వెళ్ళేసరికి వాడు మూడో గుడ్డు మింగుతున్నాడు. మింగలేక కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ముక్కు మూసుకుని, పాలు పోసుకుని లోపలికి తోశాడు. నాలుగోది తీసుకున్నాడు.

ఆమె వాడి చెయ్యి పట్టుకుంది. "చాలు, తినకురా."

"ఒక్కటే ఉందిలే. అయిపోతుంది."

"తినకు. కొయ్యరు."

"ఈ వారం కొయ్యరా?"

"ఎప్పుడూ కొయ్యరు. కోయలేరట."

వాడు గుడ్డు ప్లేట్లో పెట్టాడు. వంటింట్లో చప్పుళ్ళు ఆగిపోయాయి.

"నీకెప్పుడు తెలుసు?"

"మొదటి రోజే."

వాడు తన చేతులు చూసుకున్నాడు.

"ఆ కాంపౌండర్‌గాడు నా మొహమే చూడలేదు. వాడు ఎనిమిది నెలలు తినేశాడు. నువ్వు చూశావ్. అన్నీ తెలిసి ఇంకో పది రోజులు తిన్నావ్. ఆ పది రోజులూ నేనేం చేశానో తెలుసా? కక్కి కక్కి మళ్ళీ తిన్నా."

"కొట్టరా. నాలుగు కొట్టు."

"కొడితే నీ మనసు తేలికవుతుంది. నాకేమొస్తుంది?" ప్లేటు పక్కకు నెట్టాడు. "కూర్చో. ఆ డాక్టరమ్మ ఏమందో ఒక్క ముక్క వదలకుండా చెప్పు. నాకోసం తీపి పూసి చెప్పొద్దు." వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "నువ్వూ రావే. అక్కడ నిలబడి ఏడవకు. నా జబ్బు గురించి ఇంట్లో నేనొక్కణ్ణే వినలేదు."

మరదలు వచ్చి నేల మీద కూర్చుంది. ఆమె మొదలుపెట్టింది. గొట్టం సంగతి చెప్పింది. గడ్డ సంగతి చెప్పింది. రక్తనాళాల దగ్గరికి వచ్చేసరికి మాట ఆపి ప్లేటు తీయబోయింది.

"ఆపకు" అన్నాడు వాడు.