ఖాళీ బకెట్

ఆ ఇంట్లో పశువులను తోలే అలవాటు లేదు, పిలిచే అలవాటే. మామగారి కాలం నుంచీ అంతే. బీడు అంచున నిలబడి దాణా బకెట్ మీద గరిటెతో టంగుటంగున మోగిస్తే చాలు, మంద మొత్తం తలలెత్తి, తోకలు విదిలించుకుంటూ పరుగున వచ్చేది. ఎవరి చేతిలోనైనా కర్ర కనిపిస్తే ఆయనకు ఒళ్లు మండేది. పెద్దకోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఈ వింత చూసి నవ్వుకుంది. ఇప్పుడు ఆ అలవాటే ఇంటిల్లిపాది ప్రాణం మీదికి వచ్చింది.

కిందటి నెల గిత్త తన్నడంతో ఆమె భర్త కాలు విరిగింది. కట్టు కట్టించుకుని వరండాలో కుర్చీకి అతుక్కుపోయాడు. పనంతా తమ్ముడి మీద పడింది. ఆ మరిది మంచివాడే, ఒళ్లు దాచుకునే రకం కాదు. కాకపోతే కాళ్ల కింద నిప్పులున్నట్టు ఉంటాడు. టీకాలు వేయడానికి పశువుల డాక్టరు వచ్చిన రోజున, దాణా కలిపే ఓపిక లేక ఖాళీ బకెట్ మోగించాడు. మంద నమ్మి దొడ్డిలోకి వచ్చింది. గేటు పడింది. తొట్టెలో గింజ లేదు, మెడలో మాత్రం సూది దిగింది. సగం పశువులకు టీకా పడేసరికి మిగిలినవి బెదిరి కంచె విరగదొక్కాయి. మందంతా వంతెన దాటి వాగు అవతలి పల్లంలోకి పారిపోయింది.

అప్పటి నుంచి బకెట్ మోగితే అవి ముళ్లపొదల్లో దూరుతున్నాయి.

వానలు మొదలయ్యాయి. వాగు పొంగితే పల్లం మునుగుతుంది. ఇవతలి మెరకకు దారి ఒక్కటే, సన్నటి చెక్కల వంతెన. ఆ రోజు బెదురులో దాటాయి గానీ, మామూలుగా వెనక నుంచి అదిలిస్తే పశువు దాని మీద కాలు పెట్టదు. ముందు అవి నమ్మిన మనిషి నడవాలి. పైగా మందలో చూడి ఆవులే ఎక్కువ. అవి పోతే ఆ కుటుంబానికి ఇంకో బతుకుతెరువు లేదు.

"ఇంకో నలుగురిని తెచ్చి తోలిస్తాను వదినా," అన్నాడు మరిది.

"నిన్న తోలావుగా, ఏమైంది?"

"ఏమవుతుంది, నేనే వాగులో పడ్డాను."

"ఆవులు గట్టు మీద నిలబడి చూశాయట కదా."

"చూడ్డమేమిటి, ఆ బొల్లావు నవ్వింది కూడా."

"నవ్వక ఏం చేస్తుందిరా?" అన్నాడు వరండాలోంచి అన్న. "తిండి పెడతానని పిలిచి సూది పొడిచావు!"

పెద్దకోడలు బకెట్ అందుకుంది. "రేపటి నుంచి నేను వెళ్తాను. నిండు బకెట్‌తో. మోగిస్తాను, దాణా అక్కడే పోసి వచ్చేస్తాను."

"అవి ఎప్పటికి నమ్ముతాయి వదినా? అప్పటిదాకా వాన ఆగుతుందా?"

"వాన సంగతి నా చేతిలో లేదు. బకెట్ నింపడం ఉంది."

పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుంది. తప్పు మాది కదా స్వామీ, నోరులేని జీవాలకెందుకు శిక్ష అని అడిగింది. జవాబు రాలేదు. కావలసినప్పుడు మాత్రం పిలిచే మా ఖాళీ మోతలు విని విని నువ్వు కూడా పొదల్లో దూరావా అనిపించింది. అనుకున్నందుకు భయపడి లెంపలు వేసుకుంది. ఆ ప్రశ్న మాత్రం పోలేదు. దాన్నీ వెంటబెట్టుకునే వంతెన దాటింది.

మొదటి రోజు మోత వినగానే మంద మాయమైంది. ఆమె దాణా గడ్డి మీద కుప్పగా పోసి, వెనుదిరిగి చూడకుండా వచ్చేసింది. మర్నాడు కుప్ప లేదు. తిన్నవి ఆవులో, పిట్టలో తెలియలేదు. మళ్లీ పోసింది. బురదలో జారి పడింది, లేచి చీర పిండుకుని నడిచింది. దాణా పోసే చోటును వంతెన వైపు కొద్దికొద్దిగా జరుపుతూ వచ్చింది.

ఒకరోజు బొల్లావు పొదల్లోంచి బయటికి వచ్చింది. తిన్నగా బకెట్‌లోకి మూతి పెట్టి, నిజంగా దాణాయేనని తేల్చుకున్నాకే ఆమె ముఖం చూసింది.

ఆ సంతోషం నిలవలేదు. మరుసటి ఉదయానికి ఒక పెయ్య ఊబిలో దిగబడి చచ్చిపోయి కనిపించింది. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. "ఇక చాలు, నువ్వు కూడా వాగులో కొట్టుకుపోతే నా గతేమిటి?" అన్నాడు భర్త. ఆమె తెల్లవారి బకెట్ నింపుకుని వెళ్లింది.

నీళ్లు వంతెన చెక్కలను తాకిన రోజున ఆమె దాణా కింద పోయలేదు. వంతెన మొదట్లో నిలబడి మోగించింది, తర్వాత ఇవతలికి నడక మొదలుపెట్టింది. తిరిగి చూడాలని మెడ లాగేసింది. చూడలేదు. వెనక చెక్క మీద గిట్ట చప్పుడు వినిపించింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత వంతెనంతా అదిరింది.

దొడ్డిలో తొట్టెలు నిండుగా ఉన్నాయి. మంద వాటి మీద పడింది.

గేటు దగ్గర టోపీ పెట్టుకుని డాక్టరు సిద్ధంగా ఉన్నాడు. మంద వంతెన దాకా వస్తోందని మరిదే కబురు పెట్టాడు. "సమయానికి వచ్చానమ్మా. ఆ గేటు వేసేయండి, మిగిలిన సగానికీ పొడిచేస్తాను."

"వేసెయ్యవోయ్," అని వరండాలోంచి భర్త కేక పెట్టాడు. "రేపు జబ్బు వస్తే?"

ఆ మాటా నిజమే. ఆమె చెయ్యి గేటు మీదికి వెళ్లింది. బొల్లావు తల తొట్టెలోనే ఉంది. చెవి మాత్రం గేటు వైపు తిరిగి ఉంది.

ఆమె గేటును బార్లా తెరిచింది. "ఈ రోజు దాణాకి పిలిచాను డాక్టరుగారూ. దాణాయే."

"మళ్లీ పారిపోతే?" అన్నాడు మరిది.

"వాగు పొంగింది, ఎక్కడికి పోతాయి? సూదికి బకెట్ మోగించేది లేదు. రేపటి నుంచి తాడు చూపించి, ఒక్కొక్కదాన్నీ పట్టుకొద్దాం. తాడు చూస్తే వాటికి తెలుస్తుంది."

"ఒక్కొక్కటా! నడుములు విరుగుతాయి వదినా."

"విరుగుతాయి. ఖాళీ బకెట్ మోగించినప్పుడు తోచలేదా?"

మరిది తల గోక్కుని, తాడు వెతకడానికి పాకలోకి వెళ్లాడు.

"మరి ఈ పూట నన్నేం చేయమంటారు?" అన్నాడు డాక్టరు.

"ఆ సూదుల పెట్టె బండిలో పెట్టి రండి. ఈ బకెట్ పట్టుకుని వడ్డించండి."

"నేను చదివింది పశువైద్యం అమ్మా, వడ్డన కాదు."

"అందుకే అవి మిమ్మల్ని చూసి పారిపోతున్నాయి."

ఆయన నవ్వేసి, పెట్టె బండిలో పెట్టి వచ్చి, బకెట్ ఎత్తి తొట్టె దగ్గర నిలబడ్డాడు. బొల్లావు ఆయన చొక్కా వాసన చూసి, బుసకొట్టి వెనక్కి జరిగింది.

"కదలకండి," అంది పెద్దకోడలు.

వాన పెద్దదైంది. ఆయన కదలలేదు.