రెండు కిలోల లీడర్

అన్నయ్య తొమ్మిదేళ్ల కష్టం నా వల్ల నీళ్లపాలైంది. మాటవరసకు అనడం లేదు, నిజంగానే చెరువులో కలిసింది. మా చేపపిల్లల కేంద్రంలో అన్నయ్య తొమ్మిదేళ్లుగా కాపాడుకొస్తున్న అరుదైన జాతికి మిగిలిన ఆడచేప ఒక్కటే. ఏ మేత వేసినా ముందు మూతి తిప్పుకునేది గనక దాన్ని దొరసాని అనేవాళ్లం. నిన్న తొట్టి కడిగాక, నీళ్లు చెరువులోకి పోయే తూముకు జాలీ బిగించడం మరిచిపోయాను. పొద్దున చూస్తే మగచేపలు మూడూ ఉన్నాయి, దొరసాని లేదు.

అది గుడ్లు పెట్టడానికి ఇంకా పది రోజులుంది. చెరువు నిండా మునిగిన మొద్దులే, వల వేస్తే చిరిగిపోతుంది. గాలమే దిక్కు.

దారం చివర, ముల్లుకు ముందు కట్టే మూరెడు సన్న తీగను లీడర్ అంటారు. మా దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి అయిదు కిలోల బరువు ఆపుతుంది, రెండోది రెండు కిలోలే. దొరసాని మూడు కిలోలు తూగుతుంది. అన్నయ్య లావుది కట్టాడు. తూము దగ్గరే తిరుగుతున్న ఆ మహాతల్లి మధ్యాహ్నం దాకా ఎర దగ్గరికి రావడం, తీగను చూడటం, వెనక్కి తిరగడం.

“సన్నది కట్టన్నయ్యా.”

“సన్నదైతే గట్టిగా లాగలేమే. అలిసిపోయేదాకా ఆడించాలి. కడుపుతో ఉంది, తట్టుకోలేదు.”

“అసలు పట్టుకోకుండా ఎలా కాపాడతావు? రేపటికి ఏ మొద్దుల్లోకో పోతే వెతుకుతావా?”

నా నోటి ముందు అన్నయ్య ఎప్పుడూ ఓడిపోతాడు. సన్న తీగ తీసి, ముడి పొడిగా బిగిస్తే రాపిడికి బలం పోతుందని ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించాడు. అంత మంచి ముడి అతను జన్మలో వేసి ఉండడు.

రెండో విసురుకే దొరసాని ఎర మింగింది. నేను చిన్నపిల్లలా ఎగిరి గంతేశాను.

అది మొద్దుల వైపు పరుగు పెడితే అన్నయ్య దారం వదిలాడు. ఆగితే చుట్టాడు. మళ్లీ వదిలాడు. ఇరవై నిమిషాలకు దాని పరుగులు పొట్టివయ్యాయి.

“దారం తెంపెయ్యవే,” అన్నాడు. “కత్తెర నీ దగ్గరుంది. ముల్లు చిన్నదే, నాలుగు రోజుల్లో అదే రాలిపోతుంది. బతికుంటే మళ్లీ చూసుకుందాం.”

కత్తెర నా చేతిలోనే ఉంది. తెంపితే జాలీ తప్పు నా మెడకే ఉండిపోతుంది. సాయంత్రానికల్లా అది తొట్టిలో ఉండాలి, నేను మళ్లీ మనిషిలా అన్నయ్య మొహం చూడాలి. నాకు కావలసింది అదే, చేప కాదు. ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

“ఇంకొంచెం సేపే. వచ్చేస్తోంది,” అన్నాను.

నలభై నిమిషాలకు వచ్చింది. పక్కకు ఒరిగి, తెల్లటి పొట్ట పైకి తేలి, లాగకుండానే వచ్చింది. అన్నయ్య గాలం కర్ర పారేసి నడుంలోతు నీళ్లలోకి దిగాడు. చేప తల తూము ధారకు ఎదురుగా పెట్టి, మొప్పల్లోకి నీళ్లు ఎక్కాలని దాన్ని ముందుకూ వెనక్కూ కదిపాడు. చాలాసేపు కదిపాడు. గుడ్లతో నిండిన పొట్ట అతని అరచేతుల్లో అటూ ఇటూ దొర్లుతోంది. తీగ దాని మూతికి అలాగే ఉంది, ఎక్కడా తెగలేదు.

“మొప్పలు కదులుతున్నాయి కదే?” అని అడిగాడు, తలెత్తకుండా.

కదలడం లేదు.

“కదులుతున్నాయన్నయ్యా,” అన్నాను.

అతను ఇంకా కదుపుతూనే ఉన్నాడు.