బూరెలకని తీసిన మూత

నేను ఒక స్టీలు డబ్బాను. ఎవరిదో గృహప్రవేశంలో తాంబూలంతోపాటు పంచారు నన్ను. ఇప్పటికీ నా నడుమున ఆ ఇంటివాళ్ల పేరే చెక్కి ఉంది. మనుషులు వస్తువునైతే పంచిపెడతారుగానీ పేరు మాత్రం వదులుకోరు. అలా తెనాలిలో హిందీ టీచరు సుభాషిణిగారి చేతికొచ్చాను. చాలాకాలం ఆవిడ పెరుగన్నం మోస్తూ మర్యాదగా బతికాను.

తర్వాత ఆవిడకి షుగరు ముదిరింది. "పొట్ట నరాలు దెబ్బతిన్నాయమ్మా. తిన్నది తొందరగా కిందికి దిగదు. కొంచెం కొంచెం, మెత్తగా తినండి" అన్నాడు డాక్టరు. నాలుగు ముద్దలకే కడుపు బిగిసిపోయేది. పొద్దున తిన్నది సాయంత్రం అలాగే బయటికొచ్చేది. బస్సులో వస్తుందో, బడిలో వస్తుందో తెలియక నన్ను సంచిలో పెట్టుకు తిరిగేవారు. ఏం చెప్పను! అన్నం కోసం పుట్టి వాంతి డబ్బానయ్యాను. కడిగి గ్లాసుల పక్కన బోర్లిస్తే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. కూతురు కీర్తన పెళ్లి కుదిరేదాకా ఈ జబ్బు సంగతి బయటికి పొక్కకూడదని మా టీచరుగారి పట్టు. షుగరు వంశమంటే పిల్లనెవరు చేసుకుంటారని భయం.

రేపల్లె సంబంధం వచ్చింది. సాయంత్రం తాంబూలాలు, మధ్యాహ్నం అబ్బాయివాళ్లింట్లో భోజనాలు. అబ్బాయి తల్లి రాజ్యలక్ష్మిగారిది కొసరి కొసరి వడ్డించే చెయ్యి. "ఏం వదినగారూ, మా వంట నచ్చలేదా? ఇంకొక్క బూరె, నా మాట కాదనకండి!" వద్దంటే సంబంధమే వద్దన్నట్టుంటుందని మా టీచరుగారు పెట్టినవన్నీ మింగారు. తర్వాత చీర సర్దుకునే వంకతో గదిలోకెళ్లి నా మూత తీశారు. బూరెలతోపాటు రాత్రి తిన్న ఉప్మా కూడా వచ్చింది. పెరట్లో గిన్నెలు తోమేవాళ్లున్నారు, కడగడానికి లేదు. మూత బిగించి, నన్ను సంచిలో పెట్టుకుని వచ్చి హాల్లో కూర్చున్నారు.

సంచిలోంచి తొంగిచూస్తున్న నన్ను చూసి రాజ్యలక్ష్మిగారు మురిసిపోయారు. "ఇంటి దగ్గర ఉన్నవాళ్లకి పట్టుకెళ్దామని డబ్బా తెచ్చుకున్నారా? అడగడానికి మొహమాటమా? ఇలా ఇవ్వండి, బూరెలు నేను సర్దుతాను!"

"వద్దండీ, వద్దు" అంటూ మా టీచరుగారు గట్టిగా పట్టుకున్నారు. వద్దన్నకొద్దీ లాక్కోవడమే కదా మనవాళ్ల మర్యాద! అందరి మధ్యా నా మూత ఊడింది.

ఎవరో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. భూమి చీలితే దూరిపోదామనిపించింది నాకు.

"జబ్బండీ," అన్నారు మా టీచరుగారు నేలచూపులు చూస్తూ. "షుగరు వల్ల తిన్నది అరగదు. మా పిల్లకి మాత్రం ఏమీ లేదండీ. దానికేమీ లేదు."

రాజ్యలక్ష్మిగారు మూత పెట్టి, నన్ను పెరట్లోకి తీసుకెళ్లి తన చేత్తోనే తోమడం మొదలుపెట్టారు. మా టీచరుగారు వెనకాలే వచ్చి, "నాకివ్వండి, మీరు ముట్టుకోకండి" అని ఏడ్చారు.

"మేం చేసుకునేది పిల్లని, మీ పొట్టని కాదు," అన్నారు రాజ్యలక్ష్మిగారు కోపంగానే. "బలవంతంగా కుక్కి కుక్కి పెట్టాను కదండీ! ఒక్క మాట చెబితే ఇంత పల్చటి మజ్జిగ ఇచ్చి ఊరుకునేదాన్ని."

సాయంత్రం తాంబూలాలు మార్చుకున్నారు. ఫొటోలవాడు ఎన్నిసార్లు చెప్పినా మా టీచరుగారు తలెత్తలేదు. ఆవిడ ఒళ్లోని సంచిలో నేను తళతళలాడుతున్నాను. అంత శుభ్రంగా ఉండి కూడా, ఎవరూ నా వైపు చూడకపోతే బాగుండుననే అనుకున్నాను.