బీరువాలో భద్రంగా

నేను ఒక ఇంటర్మీడియట్ మార్కుల మెమోని. పెంకె సత్యవేణి, సీఈసీ గ్రూపు, వెయ్యికి ఏడువందల నలభై రెండు, ఫస్ట్ క్లాసు. ఇందులో ఒక్క అంకె కూడా నేను కల్పించింది కాదు, ఆ పిల్ల తణుకులో పెద్దమ్మ ఇంటి వసారాలో కూర్చుని చదివి తెచ్చుకుంది. నాతోపాటు ఆ ఏడాది లక్షల మెమోలు అచ్చయ్యాయి. అందరికీ అడుగున ఒకే అధికారి సంతకం. ఆయన మాలో ఒక్కదాని మొహమైనా చూశాడని నేననుకోను. అయినా ఆ సంతకం ఉందనే మనుషులు నన్ను నమ్ముతారు. ఎదురుగా నిలబడ్డ మనిషి మాట నమ్మరు.

సత్యవేణికి డిగ్రీ చదవాలని ఉండేది. పెళ్లి కుదిరింది. నేను రేషన్ కార్డు పక్కన, ప్లాస్టిక్ కవర్లో, పదకొండేళ్లు పడుకున్నాను. ఇద్దరు పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక ఆమె కూడా బడికే వెళ్లింది, టీచరుగా. ఊళ్లోని ఓ ప్రైవేటు స్కూల్లో ఎల్కేజీ పిల్లలకు అక్షరాలు దిద్దించే ఉద్యోగం. చేరిన రోజునే కరస్పాండెంట్ విమలాదేవి గారు చెయ్యి చాచారు.

"ఒరిజినల్ ఇలా ఇచ్చెయ్యి సత్యా. ఇంట్లో ఎలకలూ చెదలూ ఉంటాయి. నా బీరువాలో భద్రంగా ఉంటుంది."

ఇవ్వనంటే ఉద్యోగం లేదని ఇద్దరికీ తెలుసు. కానీ ఆ మాట అంత ముద్దుగా అన్నాక సత్యవేణి సంతోషంగానే ఇచ్చింది. బీరువాలో నాకంటే ముందు వచ్చినవాళ్లు పదిహేడు మంది ఉన్నారు. డిగ్రీలు, బీఈడీలు, ఓ ఎమ్మెస్సీ కూడా. టీచర్లు ఏడాది మధ్యలో మానెయ్యకుండా మమ్మల్ని ఇలా పెడతారని ఆ ఎమ్మెస్సీ చెప్పింది. నేను నమ్మలేదు. పెద్ద చదువులకు అనుమానాలెక్కువ అనుకున్నాను.

పదేళ్లు గడిచాయి. సత్యవేణికి నలభై దగ్గరపడ్డాయి. అప్పుడే రాజమండ్రి వైపు ఓ విశ్వవిద్యాలయంవాళ్లు, చదువు మధ్యలో ఆపేసి ముప్పై అయిదేళ్లు దాటినవాళ్ల కోసం శని, ఆదివారాల్లో బీఏ తరగతులు పెట్టారని పేపర్లో వచ్చింది. ఆ కాగితం ముక్క కత్తిరించి తెచ్చి చూపించింది ఎవరనుకున్నారు? విమలాదేవి గారే. దరఖాస్తు ఆవిడే నింపారు. నన్ను బయటికి తీసి జిరాక్స్ తీయించి, మళ్లీ లోపల పెట్టేశారు. తల్లిదండ్రుల మీటింగులో అందరి ముందూ "మా సత్య డిగ్రీ చదవబోతోంది" అని చప్పట్లు కొట్టించారు. ఆ రోజు సత్యవేణి కళ్లు తుడుచుకుందని ఆయా చెప్పుకుంటుంటే విన్నాను. నాకూ గర్వంగానే అనిపించింది.

సీటు వచ్చిందని ఉత్తరం అందిన రోజున సత్యవేణి స్వీట్లు పట్టుకుని ఆఫీసు గదికి వచ్చింది.

"డిగ్రీ అయ్యాక బీఈడీ చేస్తానండి. తర్వాత డీఎస్సీ రాస్తానండి మేడమ్‌గారండి. అంతా మీ చలవేనండి."

విమలాదేవి గారు స్వీటు తీసుకున్నారు. బాగుందన్నారు. ఆమె వెళ్లాక అడ్మిషన్ల రిజిస్టరు పేజీలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది. ఎల్కేజీలో చేర్పించడానికి వచ్చే ప్రతి తల్లీ ముందు అడిగేది సత్యవేణి టీచరు ఉన్నారా అనే. ఆ సంగతి నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

సర్టిఫికెట్లు చూపించే ఆఖరి రోజు శుక్రవారం. ఒరిజినల్ సంగతి నేను చూసుకుంటానని విమలాదేవి గారు అన్నారు. గురువారం మర్చిపోయానన్నారు. శుక్రవారం పొద్దున్న, జిరాక్స్ సరిపోతుంది, అడిగితే ఫోన్ చెయ్యి, క్షణాల్లో పంపిస్తాను, వెళ్లు వెళ్లు, బస్సు తప్పిపోతుందని తరిమినంత పని చేశారు. సత్యవేణి వెళ్లింది.

పదకొండింటికి ఆఫీసు గదిలో విమలాదేవి గారి సెల్‌ఫోన్ మోగింది. అవతలి గొంతు బీరువా రేకు దాటి నాదాకా వచ్చింది.

"ఒరిజినల్ లేకపోతే కుదరదంటున్నారండి. అయిదింటిదాకా టైమిచ్చారండి. ఎవరిచేతైనా పంపిస్తారా అండి?"

"అయ్యో సత్యా, నేను భీమవరంలో పెళ్లిలో ఉన్నానే. బీరువా తాళాలు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయాయి."

"నేను భీమవరం వచ్చి తాళం తీసుకుంటానండి."

"ఇంత జనంలో నన్నెక్కడ వెతుకుతావు? వచ్చే ఏడాది చూద్దాంలే. దిగులు పెట్టుకోకు."

ఆవిడ ఫోన్ పెట్టేసి టీ తెమ్మని ఆయాకు చెప్పారు. నాకు నోరు లేదని జీవితంలో మొదటిసారి ఏడవాలనిపించింది. ఏడవడానికీ నోరు కావాలి కదా. నేనూ తాళమూ ఒక్క గదిలోనే ఉన్నాం. ఆ రేకు తలుపు తెరిస్తే మధ్యాహ్నం బస్సుకి నేను ఆమె చేతిలో ఉండేదాన్ని.

సత్యవేణి అక్కడ సర్టిఫికెట్లు చూసే క్లర్కుని బతిమాలిందట. ఆయన మంచివాడే, కానీ ఆయన నమ్మేది నన్నే, నేనేమో అక్కడ లేను. ఈ సంగతి తర్వాత ఆమె ఇంట్లో భర్తకు చెబుతుంటే విన్నాను. నాలుగున్నరకు పిల్లల్ని వ్యాన్లెక్కించే వేళకైనా అందుకుందామని తిన్నగా స్కూలుకే వచ్చింది. ఆఫీసు గదిలో విమలాదేవి గారు రోజూ కట్టే నేత చీరలోనే కూర్చుని ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు చేస్తున్నారు. పూర్తయిన కార్డుల దొంతర మోచేతి ఎత్తు ఉంది. ఒక్క పూటలో చేసేవి కావు అవి.

"ఇప్పుడే వచ్చాను సత్యా" అన్నారు.

సత్యవేణి ఆ దొంతర వైపు చూసింది.

"నా మెమో ఇప్పించండి మేడమ్‌గారండి."

ఆవిడ తాళం తీశారు. గడువు దాటిపోయినట్టే, ఇక నావల్ల ఆవిడకి ఇబ్బంది లేదుగా. ఇస్తుంటే ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి దొంగనీళ్లు కావు, అదే నాకు మరీ ఒళ్లు మండించింది.

"నువ్వు వెళ్లిపోతే ఈ పసివాళ్లు ఏమైపోతారే?"

"ఆ పసివాళ్లకి పదేళ్లుగా ఒకటే చెబుతున్నానండి. పక్కవాళ్ల పలక దాచెయ్యకూడదని."

అంతకు మించి ఆమె ఏమీ అనలేదు. నన్ను చీర కొంగులో చుట్టుకుని ఇంటికి నడిచింది.

మరుసటి ఏడాది ఆ కోర్సుకి ప్రకటన రాలేదు. చేరేవాళ్లు తక్కువయ్యారని ఆపేశారట. చేరబోయి ఆగిపోయినవాళ్లని ఎవరు లెక్కవేశారో మరి. సత్యవేణి ఇంకా ఆ స్కూల్లోనే ఎల్కేజీకి చెబుతోంది. మానేసి ఇంకో స్కూలుకి వెళ్తే అక్కడివాళ్లు ముందుగా చెయ్యి చాచేది నాకోసమే. నన్నింక ఎవరి చేతిలోనూ పెట్టదు ఆమె. విమలాదేవి గారు ఇప్పుడూ సత్యా అనే పిలుస్తారు, ఆమె అండీ అనే పలుకుతుంది. ఒకప్పుడు ఆ పిలుపులో ఉన్నదేదో ఇప్పుడు లేదని ఆయాకి కూడా తెలుసు.

నేను ఆమె పెట్టెలో, చీరల అడుగున ఉన్నాను. నా మార్కులు ఉన్నచోటనే ఉన్నాయి. అడిగేవాళ్లే లేరు.