అరవై దాటితే వణుకు

లారీ అరవై దాటితే వణుకుతోందని డ్రైవరు చెన్నకేశవులు వారం నుంచీ మొత్తుకుంటున్నాడు. అరవై దాటింది లారీ కాదు, డ్రైవరేనని యజమాని పద్మనాభం తేల్చేశాడు.

"బండికేం కాలేదన్నా. నీ చేతులు వణుకుతాండాయి. రేపట్నుంచి మా మేనల్లుడు జీవన్ తోల్తాడు. నువ్వు ఇంటికాడ కూచో" అన్నాడు, నంద్యాల రైసుమిల్లు ముందర, హమాలీలందరూ వింటుండగా.

చెన్నకేశవులుకు ఒళ్లు మండింది. వణుకును వంకగా పెట్టి, సీటు లాక్కుని చీటీ ఇస్తాడా?

"నా చేతులా? ఎక్కప్పా బండి! ఆళ్లగడ్డ చేరేలోపల ఎవురిది వణుకో తేలుస్తా. తేల్చకుంటే తాళాలు నీ మొగాన కొట్టి పోతా!"

ఖాళీ లారీ హైవే ఎక్కింది. యాభైలో పెళ్లిపీటల మీది పిల్లలా కుదురుగా ఉన్న బండి, అరవై దాటగానే పూనకం వచ్చినట్టు ఊగింది.

"చూస్తివా, నీ చేతులు..."

"నోరు మూసి నీ చెయ్యి ఈడ పెట్టు."

స్టీరింగు మీద చెయ్యి వేయగానే పద్మనాభం బుగ్గల దాకా అదిరాడు.

"నలభై అయినా నిండలేదు, అప్పుడే వణుకొచ్చెనే నీకు!"

చెన్నకేశవులు క్లచ్ తొక్కి గేరు తీశాడు. ఇంజను గొంతు తగ్గింది, వణుకు తగ్గలేదు.

"ఇంజనుదైతే ఈపాటికి తగ్గాల. సీటు కింద అదురు లేదు, స్టీరింగే కొట్టుకుంటాంది. తప్పు ముందు చక్రాలది."

ఆళ్లగడ్డలో శిల్పుల ఉలిమోతల పక్కనే జకరయ్య వెల్డింగ్ షాపు. జాకీ ఎత్తి ముందు చక్రాలను చేత్తో తిప్పారు. కుడిది తోచినచోట ఆగింది. ఎడమది మాత్రం ఎన్నిసార్లు తిప్పినా ఒకే వైపు కిందికి జారి ఆగింది. అక్కడ సుద్దతో గీత గీసి, చక్రం ఊడదీయించి, రిమ్ము లోపల తడిమాడు చెన్నకేశవులు. బండి నాడి పట్టబోతే చేతికి నాడా తగిలింది. గుర్రపు నాడా! రిమ్ముకే వెల్డింగ్ చేసి ఉంది.

"ఏందప్పా ఇది?"

పద్మనాభం తల గోక్కున్నాడు. "బంపరుకు కొట్టించిన నాడాను దొంగలు పీక్కపోయిరి. దిష్టికి ఏదో ఒకటి ఉండాల గదా! పోయిన వారం నువ్వు పెండ్లికి పోయినప్పుడు కొత్త రిమ్ము వేయిస్తినే, దానికి అతికిస్తి, దొంగ చెయ్యి పోనిచోట అని..."

"దొంగ చెయ్యి పోలేదు సరే, నా సీటు పోతాండె! కొయ్యి జకరయ్యా!"

"పీకొద్దన్నా, మంచిది కాదు!"

"అదుంటే నేనుండ. నేను పోయినా బండి వణుకుతాది, నీ మేనల్లుడూ వణుకుతాడు. కొయ్యి!"

తిరుగుదారిలో బండి డెబ్బై అందుకుంది. స్టీరింగు కిమ్మనలేదు. పద్మనాభం నాడాను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. మిల్లు ముందు చెన్నకేశవులు హమాలీలంతా పోగయ్యేదాకా హారన్ కొట్టాడు.

"పొద్దున వీళ్ల ముందరే గదా వణుకు నా చేతులదన్యావు. వీళ్ల ముందరే చెప్పు."

"బండిదే..." గొణిగాడు పద్మనాభం.

"గట్టిగా!"

"బండిదేనన్నా! తాళాలియ్యి ఇంక, పోతా."

"తాళాలు యాడికి? రేపు తోలేది నేనే" అని వాటిని జేబులో వేసుకుని, చెన్నకేశవులు టీకి పోయాడు.