కాలిన రాయి

మా ఊళ్ళో ఎల్‌స్పెత్ కారుథర్స్ గురించి అడిగితే ముందు ఆమె గెలిచిన కప్పుల గురించి చెప్పరు. కాలితో పక్కకు నెట్టేసిన ఒక రాయి గురించి చెబుతారు. ఆమె జట్టులో మొదటి రాళ్ళు వేసి, మిగతా ఆటంతా రాళ్ళ ముందు మంచు తోముతూ నడుం విరగ్గొట్టుకున్నదాన్ని నేను. పేరు నెట్టా. మాది కర్లింగ్ ఆట: బరువైన రాయిని మంచు మీద జార్చి అవతలి చివర గీసిన వలయం మధ్యకు చేర్చాలి, ముందు మంచు తోమేకొద్దీ రాయి ఇంకాస్త దూరం పోతుంది. ఊరివాళ్ళు చెప్పేది వినీ వినీ నా చెవులకు చిల్లులు పడ్డాయి. ఇక నేను చెప్పేది వినండి.

ఎల్‌స్పెత్ ఆడిన మొదటి స్కాట్లండ్ ఫైనల్ మా ఊరి మంచు రింకులోనే జరిగింది. అప్పటికి ఆమెకు ఇరవై దాటి ఏడాది కూడా కాలేదు. పొద్దున్నే ఇంటి దగ్గర ఆవుల పాలు పితికి, తలస్నానం చేసినా పోని పేడ వాసనతో వచ్చి మంచు మీదికి దిగేది. జట్టును నడిపేవాళ్ళను మేం స్కిప్ అంటాం. మాకు స్కిప్ ఎల్‌స్పెత్, అవతలి జట్టుకు ఎఫీ జార్డీన్. ఎఫీ అప్పటికే రెండుసార్లు చాంపియన్, ఊరికి పేరు తెచ్చినామె. చివరి రాయి ఆమెది. అది వలయం నడిబొడ్డున ఆగితే మూడో కప్పు ఆమెదే. రాయి వదిలిపెట్టి, దాని వెంట తనే పరుగెత్తుకొచ్చి మంచు తోముతుంటే ఆమె బ్రష్షు రాయికి తగిలింది. మాలో ఎవరూ చూడలేదు. ఎఫీయే చెయ్యెత్తి, "నా బ్రష్షు తగిలింది" అంది.

మా ఆటలో ఇలాంటివాటికి ఈల ఊదేవాడు ఉండడు. తగిలించినవాళ్ళే చెప్పాలి. చెప్పనివాళ్ళతో మళ్ళీ ఎవరూ ఆడరు. అలా తగిలిన రాయిని కాలిన రాయి అంటాం. దాన్నేం చెయ్యాలో తేల్చేది అవతలి స్కిప్. తీసేయొచ్చు, ఉన్నచోటే ఉండనివ్వొచ్చు. ఎఫీ రాయి చక్కగా వచ్చి నడిబొడ్డున కూర్చుంది. ఎల్‌స్పెత్ దాన్ని కాసేపు చూసి, కాలితో పక్కకు నెట్టేసింది. మేం గెలిచాం. రూలు ప్రకారం అందులో వీసమెత్తు తప్పు లేదు.

ఆట అయ్యాక గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకు తాగడానికి కొనిపెట్టాలి, రెండు జట్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. అది కూడా ఆటలో భాగమే మాకు. పైన బార్‌లో ఎల్‌స్పెత్ ఎఫీ ముందు గ్లాసు పెట్టింది. ఎఫీ థాంక్స్ చెప్పింది, కాసేపు కబుర్లాడింది, కోటు వేసుకుని ఇంటికెళ్ళింది. గ్లాసు మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది.

ఇంకేం, ఊరికి అది చాలు! మాంసం కొట్టు దగ్గర, చర్చి మెట్ల మీద, ఎక్కడ చూసినా ఆ గ్లాసు గురించే చెవులు కొరుక్కోవడం. ఎల్‌స్పెత్ మొహం మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే తిరిగి నాలుగు అనేది కదా, అప్పుడు గొడవ తేలిపోయేది. అనకుండా మర్యాదగా చంపారు.

ఆ తర్వాత ఆమె మరో మూడుసార్లు చాంపియన్ అయింది. స్వీడన్ వెళ్ళి ప్రపంచ పోటీల్లో వెండి పతకం తెచ్చింది, కెనడా నుంచి కంచు తెచ్చింది. వచ్చిన ప్రతిసారీ టౌన్ హాల్లో టీ, స్కోన్లు, మా ఊరి మేయరు, ప్రొవోస్ట్ గారి ఉపన్యాసం. ప్రతిసారీ వెనక వరసలోంచి ఎవరో ఒకరు, "పాపం, ఎఫీకి మూడోది రావాల్సింది" అనడం. రింకులో చాంపియన్ల పేర్లు రాసిన బోర్డు మీద ఎఫీవి రెండు, ఎల్‌స్పెత్‌వి నాలుగు. ఊరి లెక్కలో మాత్రం ఎఫీవి మూడు, ఎల్‌స్పెత్‌వీ మూడే. నాకు ఒళ్ళు మండేది. నిన్నటిదాకా రాయి ఏ చేత్తో పట్టుకోవాలో తెలియనివాడు కూడా ఈ లెక్క అప్పజెప్పేవాడు.

నలభై దాటాక ఎల్‌స్పెత్ కుడి మోకాలు పాడైంది. డాక్టరు ఆపరేషన్‌కి తేదీ ఇచ్చాడు. ఆమె రెండుసార్లు వాయిదా వేయించుకుంది.

"ఏమే, ఇంకా ఎందుకే ఈ యాతన? నాలుగు చాలవా?" అన్నాను వ్యాన్‌లో ఒకరోజు.

"ఐదోది రానీ. అప్పుడు వీళ్ళు ఒకటి కొట్టేసినా నాలుగు మిగుల్తాయి. ఎఫీకి ఒకటి కలిపినా మూడే. అప్పుడు ఎవరు నోరు విప్పుతారో చూస్తా."

"నీ మోకాలు విప్పుతుందే నోరు, ముందు."

"నువ్వు రోడ్డు చూసి నడుపు" అంది.

ఆ ఏడు ఫైనల్ మళ్ళీ మా రింకుకే వచ్చింది. ఇదే తన చివరి ఆట అని ఎల్‌స్పెత్ ముందే చెప్పేసింది. అవతలి స్కిప్ ట్రీనా ఇర్వింగ్, పాతికేళ్ళ పిల్ల. చిన్నప్పుడు ఆ పిల్లకి రాయి వెయ్యడం నేర్పింది ఎవరనుకున్నారు? ఎఫీ జార్డీనే. ఇప్పుడు ఎఫీ పైన బార్ అద్దం వెనక మొదటి కుర్చీలో, ఒళ్ళో దుప్పటి కప్పుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. ఆమె చుట్టూ ఊరంతా.

ఆట చివరిదాకా సమానంగా వచ్చింది. ఆఖరి రాయి ఎల్‌స్పెత్‌ది. వలయంలో ట్రీనా రాయి నడిబొడ్డుకు జానెడు దూరంలో ఉంది. దానికన్నా లోపలికి వెళ్ళాలి. ఎల్‌స్పెత్ రాయి వదిలింది. చూడగానే నాకు అర్థమైంది, బలం కొంచెం తక్కువైంది.

"తోమండే! తోమండి!" అని అరిచింది. తోమేవాళ్ళం ఇద్దరం విరుచుకుపడ్డాం. వెనక మంచు మీద కుంటి అడుగుల చప్పుడు. చూస్తే ఎల్‌స్పెత్! ఆ మోకాలితో లేచి పరుగెత్తుకొచ్చి మాతోపాటు తానూ తోముతోంది. వలయంలోకి వచ్చాం. రాయి నడిబొడ్డు మీదికి పాకుతోంది. అప్పుడు ఆమె మోకాలు మడతపడింది. ఒరిగింది. బ్రష్షు వెళ్ళి రాయికి తగిలింది.

నేను చూశాను. ఇంకెవరైనా చూశారో లేదో తెలియదు. రాయి మరో రెండంగుళాలు కదిలి, సరిగ్గా నడిబొడ్డున ఆగింది. పైన జనం కేకలు పెడుతున్నారు.

ఎల్‌స్పెత్ మోకాళ్ళ మీదే ఉండి చెయ్యెత్తింది. "నాది తగిలింది."

కేకలు ఆగిపోయాయి. ట్రీనా వచ్చి రాయి దగ్గర వంగి చూసింది. ఎల్‌స్పెత్ నా భుజం పట్టుకుని లేచింది. ఆ పిల్ల కాలు ఎప్పుడు కదులుతుందా అని అందరం దాని బూటు వైపే చూస్తున్నాం.

"ఉండనీండి" అంది ట్రీనా.

"తీసెయ్" అంది ఎల్‌స్పెత్.

"తియ్యాలో వద్దో చెప్పాల్సింది నేను కదండీ."

"నాకు ఎవరి దయా అక్కర్లేదు పిల్లా. తీసెయ్!"

"దయేంటండీ? రాయి అప్పటికే ఆగిపోతోంది. మీ బ్రష్షు తగలకపోయినా అక్కడే ఆగేది. నాకు కనబడింది నేను చెప్పాను." అని గ్లవ్ తీసి చెయ్యి చాపింది.

ఎల్‌స్పెత్ ఆ చెయ్యి వెంటనే అందుకోలేదు. ముందు రాయి వైపు, తర్వాత పైన అద్దం వైపు చూసింది. చివరికి అందుకుంది. ఐదో కప్పు వచ్చింది. ఇన్నేళ్ళు నేను ఆమె పక్కన ఆడాను, గెలిచిన మనిషి మొహం అలా పాలిపోవడం ఎన్నడూ చూడలేదు.

పైన బార్‌లో సూపు, సాసేజ్ రోల్స్ పెట్టారు. జనం ట్రీనా వీపు తట్టీ తట్టీ ఆ పిల్లను ఊపిరాడనివ్వలేదు. "ఎంత పెద్ద మనసు" అని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు ఎల్‌స్పెత్‌కు లేనిది అన్న మిగతా సగం ఆవిడ అనకపోయినా మా అందరికీ వినబడింది. నాకు ఆవిడ నెత్తిన సూపు గిన్నె బోర్లించాలనిపించింది.

ఎల్‌స్పెత్ ట్రీనా జట్టుకు గ్లాసులు కొని బల్ల మీద పెట్టింది. తర్వాత కుంటుకుంటూ తిన్నగా ఎఫీ కుర్చీ దగ్గరికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. బార్ మొత్తం మాట్లాడుతున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పెట్టింది.

"మిసెస్ జార్డీన్, ఆ రోజు మీ రాయి కూడా అంతే. మీ బ్రష్షు తగలకపోయినా అక్కడికే వచ్చేది. నాకు తెలుసు. తెలిసే నెట్టేశాను."

ఇన్నేళ్ళలో ఆ మాట నాతో కూడా అనలేదు ఎల్‌స్పెత్.

ఎఫీ చెవి మిషన్ సరిచేసుకుంది. "తెలియకపోవడానికి నువ్వేం గుడ్డిదానివా? నాకూ తెలుసు. నీ చోట నేనున్నా నెట్టేసేదాన్నే."

"ఏంటీ?"

"ఫైనల్ అది. చివరి రాయి. రూలు నావైపు ఉంది. నెట్టక ముద్దు పెట్టుకుంటానా?"

"మరి ఆ గ్లాసు? మీరు ముట్టుకోను కూడా ముట్టుకోలేదు!"

"ముసలమ్మల తియ్యటి వైన్, షెర్రీ తెచ్చావ్ పిల్లా నువ్వు. షెర్రీ! మా అత్తగారిని పాతిపెట్టిన రోజున కూడా తాగలేదు నేనది. పెద్దావిడ కదా అని తెచ్చావు కాబోలు. పోనీలే, చిన్నపిల్ల నొచ్చుకుంటుందని నోరు మూసుకుని కూర్చున్నా."

నాకు నవ్వొచ్చింది. ఎల్‌స్పెత్‌కు రాలేదు.

"ఊరంతా ఏమనుకుందో మీకు తెలుసు. నేను కోపంతోనే ఆడాను ఇన్నేళ్ళూ. ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా?" అంది.

ఎఫీ దుప్పటి అంచు సర్దుకుంది. "చెబుదామనే అనుకున్నా, మొదట్లో. కానీ ఆ రెండు కప్పులు గెలిచినప్పుడు నన్ను ఇంత ముద్దుగా ఎవరూ చూడలేదే. ఓడిపోయాకే చూశారు. బేకరీలో ఇప్పటికీ నాకో బన్ను ఎక్కువేస్తారు. మా ఆయన పోయాక ఇల్లు బోసిపోయింది. ఆ రాయి పేరు చెప్పుకునే నలుగురు వచ్చేవాళ్ళు. నీకు అన్యాయమే చేశాననుకో."

ఎల్‌స్పెత్ కౌంటర్ దగ్గరికి వెళ్ళి విస్కీ తెచ్చి ఎఫీ చేతికిచ్చింది. ఎఫీ అందరూ చూస్తుండగానే ఒక్క గుక్కలో సగం తాగి, పెదాలు తుడుచుకుంది. వెనక ఎవరి చేతిలోంచో చెంచా జారి కింద పడింది.

అప్పుడే మా వారపత్రిక కుర్రాడు దూరాడు మధ్యలోకి. "మిస్ కారుథర్స్, ఐదు చాంపియన్‌షిప్పులు! ఎలా ఉందండీ?"

"నాలుగు రాసుకో నాయనా" అంది ఎల్‌స్పెత్. "మొదటిది తీసెయ్."

ఆ మాటకు ఎఫీ చేతిలోని గ్లాసు ఠప్పున బల్ల మీద పడింది. ఎఫీ కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది.

"ఏం కూసావ్? ఐదు! ఐదు రాసుకోవోయ్, నువ్వు. మొదటిది కొట్టేస్తే మరి ఆ రోజు నన్ను ఓడించిందెవరు? పాలమ్మాయా?"

"పాలమ్మాయే కదండీ నేను" అంది ఎల్‌స్పెత్. అని ఏడ్చింది. మోకాలి ఎముక అరిగి ఎముకకు తగిలినప్పుడు కూడా ఏడవని మనిషి, అంతమంది మధ్య ఎఫీ భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"ఊరుకో. నా కోటు తడుస్తుంది" అంది ఎఫీ, వీపు రాస్తూ.

కుర్రాడు ఐదని రాసుకున్నాడు. ఆ తర్వాతి వారమే ఎల్‌స్పెత్ మోకాలికి ఆపరేషన్ చేశారు. ఆస్పత్రికి నేనే దింపాను, మా ఆయన గొర్రెల వ్యాన్‌లో.